కడుపుల కరెంటు

గోరుతోని గీకితే ఊడొస్తది దాని వయసు.
మా కంపెనీ పసుపు కింద నీలం,
నీలం కింద ఇటుక రంగు,
ఇంకా కిందికి పోతే ఏ షెడ్డోళ్లు రాసిన్రో
సగం అరిగిన అంకెలు.

విష్ణుపురం టేషను దాటి
సిమెంటు ఫ్యాక్టరీ గేటు దాకా రెండు కిలోమీటర్లు.
ఇప్పుడు దాని దేశం అంతే.
ఒకప్పుడు యాభై ఎనిమిది డబ్బాలు గుంజుకుంట,
ప్రతి టేషన్ల ప్యాసింజరుకు దారిచ్చుకుంట,
బీబీనగర్ల పొద్దుగూకితే
కిష్ణ వంతెన మీద తెల్లారేది.

కాశీకి పోయినోడు కాటికి పోయినట్టే అంటరు.
ఇది కాశీల పుట్టి వచ్చింది.
అసలు బొమ్మ గీసింది సముద్రం అవతలనంట,
గీసిన కంపెనీ ఎన్నడో మూతబడ్డది,
బొమ్మ మాత్రం బతికి
గంగ ఒడ్డున పిల్లల మీద పిల్లల్ని కన్నది.
జానయ్య చెప్పంగ విన్న.
నేను పాయింట్లు మార్చేదాన్ని, ద్వాళిని,
పచ్చజెండా తప్ప చదువు లేనిదాన్ని.

"డీజిలు చక్రాన్ని తిప్పదు పిల్లా" అన్నడు ఒకనాడు
పక్క తలుపు తెరిచి, నూనె చేతులతోని.
"పదహారు సిలిండర్లు కొట్టుకునేది జనరేటరు కోసం.
జనరేటరు కరెంటును కంటది.
ఇరుసుకో మోటరు, ఆరు మోటర్లు తాగుతయి దాన్ని.
పొగ పైకి, కరెంటు కిందికి."
"మరి కరెంటు లైను పడ్డదని దీన్నెందుకు తీసేసిన్రు?"
చెవి మీది బీడీ తీసిండు, అంటించలేదు.
"ఇంట్ల పుట్టింది లెక్కకు రాదు.
తీగ మీద రావాలె."

తిప్పర్తి, కుక్కడం, మిర్యాలగూడ,
వరిచేల పొంటి స్తంభాలు పాతుకుంట వచ్చిన ఏడు
షెడ్లల్ల వీటిని వరుసగ నిలబెట్టిన్రంట.
కొన్నిటిని కోసి తూకానికి అమ్మిన్రు.
దీన్ని మా సేటు వేలంల పాడుకున్నడు,
ఇనుము ధర కంటే కొంచెం ఎక్కువకు.
ఆ కొంచెమే దాని పాణం.

దానికి తాపే నీళ్లు వేరే.
మందు కలిపి, పరీక్ష చేసి, రంగు చూసి పోస్తరు.
బోరు నీళ్లు పోస్తే గొట్టాలల్ల సున్నం కడతదని
ఎర్ర అక్షరాలతోని బోర్డు పెట్టిన్రు.
అది చదివి చెప్పింది కూడా జానయ్యనే.
ఆయనది మర్రిగూడ దిక్కు.
చిన్నప్పుడంతా బోరు నీళ్లే.
మోకాలు వంగదు, వంగితే సాగదు,
కమ్మీ పట్టుకొని చేతులతోని ఇంజనెక్కుతడు.
ఆ బోర్డు దిక్కు నేను చూసినప్పుడల్లా
ఆయన వేరే దిక్కు చూస్తడు.

మొన్న ముసురు రాత్రి, గాలికి తీగ తెగింది.
బొగ్గు బండి సగం మా యార్డుల, సగం మెయిన్ లైను మీద.
ముందట కొత్త ఇంజను, ఆరువేల గుర్రాలది,
దీపం లేకుంట, ఊపిరి లేకుంట.
ఎనుక మూడు టేషన్లల్ల బండ్లు ఆగినయి.
ఫోన్ల మీద ఫోన్లు.
జానయ్య మీట నొక్కిండు.
ముసలిది దగ్గింది. ఇంకోసారి దగ్గింది.
తర్వాత నా కాళ్ల కింది కంకర వణికింది.
కొక్కెం నేనే తగిలించిన, వానల,
చేతులు జారుతుంటే దేవున్ని కాదు, జానయ్యను తిట్టుకుంట.
గజం గజం,
మనిషి నడక కంటే మెల్లగ
గుంజుకొచ్చింది.

రిజిస్టర్ల "కారణం" అన్న గడిల
తీగ తెగినట్టు రాసిన్రు.
గుంజినదాని కోసం గడి లేదు.

ఆ ఇంజను డ్రైవరు, మీసం సరిగ రాని పిల్లగాడు,
తడుసుకుంట మా క్యాబు మెట్లెక్కి
"అన్నా, చార్జింగు పెట్టుకోవచ్చా?" అని ఫోను చాపిండు.
జానయ్య ఎన్నడో వైర్లు కలిపి బిగించుకున్న సాకెట్టు,
నల్ల టేపు చుట్టింది.
పెట్టుకో అన్నడు.
ఫోను ఎలిగింది. రెండు శాతం.
ముగ్గురం చూస్తనే ఉన్నం
మూడు అయ్యేదాకా.